కోచ్‌గా కొత్త ఉద్యోగమా? ముందు స్టాఫ్ రూమ్‌లో కూర్చోండి

బీపీఈడీనో, పటియాలా ఎన్ఐఎస్‌లో డిప్లొమానో చేసి స్కూల్లో, అకాడమీలో కోచ్‌గా చేరుతున్నవాళ్ల కోసం ఈ ఎపిసోడ్. ఆట ఎట్లా నేర్పాలో నేను చెప్పను, అది మీకొచ్చు. పనిచేసే చోట ఎట్లా ఇమడాలో నాకెవరూ చెప్పలేదు. నా తప్పు వల్ల ఒక అమ్మాయి నష్టపోయింది. అందుకే చెప్తున్నా.

మాది బోధన్, శక్కర్‌నగర్. నా మొదటి ఉద్యోగం నిజామాబాద్‌లో ఒక ప్రైవేట్ స్కూల్లో, బాక్సింగ్ కోచ్‌గా. గ్రౌండ్‌లో పెరిగినోణ్ణి కదా, అక్కడ కోచ్ మాటే ఫైనల్. స్కూల్లో కూడా అంతే అనుకున్నా. చేరిన వారానికే స్టాఫ్ రూమ్‌కి పోవడం మానేసిన. ఆ చాయ్ ముచ్చట్లు టైమ్ వేస్ట్ అని నా ఫీలింగ్. జిల్లా సెలక్షన్స్ దగ్గర పడ్డాయని మ్యాథ్స్ పీరియడ్‌లోంచి నలుగురు అమ్మాయిల్ని బయటికి తీసుకొచ్చిన. మేడమ్‌ని అడగలేదు. క్లాస్ లీడర్‌తో చీటీ పంపిన, అంతే.

ఒకసారి ఐతే ఆమె ఊరుకునేది. నేను వరుసగా నాలుగు రోజులు అట్లనే చేసిన.

ఐదో రోజు ప్రిన్సిపాల్ పిలిచిండు. ప్రాక్టీస్ బంద్. ఇంకో విషయం నాకు తట్టనే లేదు. స్కూల్ గేమ్స్ ఎంట్రీ ఫారం మీద స్కూల్ హెడ్ సంతకం, స్టాంపు ఉండాలి. ఆయన సంతకం పెట్టలేదు. ముగ్గురికి మరుసటి ఏడు ఛాన్స్ ఉంది. నాలుగో అమ్మాయికి అండర్-17లో అదే ఆఖరి ఏడు. ఆమె నన్ను ఏమీ అనలేదు. గ్లవ్స్ తెచ్చి, నా టేబుల్ మీద పెట్టి పోయింది.

ఆ రాత్రి ఇంటికొచ్చి ప్రిన్సిపాల్‌ని మస్తు తిట్టిన. బాపు విన్నడు. బాపు నిజాం షుగర్ ఫ్యాక్టరీలో, పాకం మరిగించే ప్యాన్ల దగ్గర పనిచేసిండు. ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని మావాళ్లు చెప్పుకునే ఫ్యాక్టరీ అది, 2015 డిసెంబర్‌లో మూతపడ్డది. బాపు అన్నది ఇదీ: "కొత్త ఇంజినీర్లు వస్తుండె రా. కొందరు వచ్చిన్నాడే టైమింగులు మారుస్తుండ్రి. ఇంకొందరు క్రషింగ్ మొదలైన వారం దినాలు మా పక్కన నిలబడి, అద్దం ముక్క మీద పాకం తీసి గింజ ఎంత కట్టిందో మేం ఎట్లా చూస్తున్నమో చూస్తుండ్రి. రెండోరకం వాళ్లు చెప్తే మేం రాత్రి షిఫ్ట్‌లో కూడా ఇంటుంటిమి."

నిజం చెప్పాలంటే అప్పుడు నాకు కోపమొచ్చింది. నేను చెప్పేదేంది, ఆయన చెప్పేదేంది అని. అర్థం కావడానికి నెల పట్టింది.

తర్వాత పోయి మేడమ్‌కి సారీ చెప్పిన. ఆమె టైమ్‌టేబుల్ తీసి చూపించింది. సిలబస్ వెనకపడితే మీటింగ్‌లో అందరి ముందు అడిగేది ఆమెనే. నాకది తెల్వదు. పొద్దున 6 గంటలకి ప్రాక్టీస్ పెట్టుకుంటా అన్న. "మరి ఆ పిల్లలకి హోంవర్క్ ఒక్కరోజు ఆలస్యమైనా తీసుకుంటా" అన్నది ఆమె. ఆ పొద్దటి టైమ్‌కి గేటు తీసేది అటెండర్ అన్న. ఆయన్ని కూడా నేనే స్వయంగా పోయి అడిగిన, ఆర్డర్ వేయించలేదు.

అట్లని అన్నిటికీ తలూపమని కాదు. ఒకసారి యాన్యువల్ డే డ్యాన్స్ కోసం, జ్వరం తగ్గి రెండు రోజులే ఐన అమ్మాయిని ఎండలో నిలబెట్టమన్నరు. నేను వద్దన్న. అప్పటికి నాలుగు నెలలు వాళ్లతో కూర్చుని చాయ్ తాగిన కాబట్టి, నా "వద్దు"ని గొడవ అనుకోలేదు.

మన ఊరి సంగతే చూడండి. నిఖత్ జరీన్ నిజామాబాద్‌లో శంసముద్దీన్ సార్ దగ్గర మొదలుపెట్టి, 2009లో విశాఖ సాయ్ సెంటర్‌కి, ఐ. వెంకటేశ్వర రావు గారి దగ్గరికి వెళ్లింది. 2011లో జూనియర్ వరల్డ్ ఛాంపియన్, 2022లో ఇస్తాంబుల్‌లో, 2023లో ఢిల్లీలో వరల్డ్ ఛాంపియన్. మనం తయారుచేసిన పిల్ల ఇంకో కోచ్ చేతికి, ఇంకో పద్ధతిలోకి పోవడం కూడా ఈ ఉద్యోగంలో భాగమే. అక్కడి పద్ధతి మనది కాదు. ఫోన్ చేసి "నేను చెప్పినట్టే చెయ్" అంటే నలిగేది పిల్లనే. ఇప్పుడు నిఖత్ పోలీస్ శాఖలో డీఎస్పీ. రింగ్‌లో ఎంత ఛాంపియన్ ఐనా, యూనిఫాం వేసుకున్నాక పై ఆఫీసర్‌కి సెల్యూట్ కొట్టాల్సిందే కదా!

ఆ నాలుగో అమ్మాయి సంగతి అడుగుతారని తెలుసు. డిగ్రీలో చేరినంక ఒకరోజు పొద్దున గ్రౌండ్‌కి వచ్చింది. ఆడటానికి కాదు, చెల్లెల్ని చేర్పించడానికి. "సార్, ఫారం మీద సంతకం ముందే తీసుకోండి" అన్నది. అదే రోజు తీసుకున్నా.