కొత్త దారి వేసిన పత్రాలు

ఒక పరిశోధన ఉన్న దారినే వెడల్పు చేసిందా, కొత్త దారి వేసిందా? దీన్ని అంకెల్లో కొలవొచ్చంటే మొదట నేనూ నమ్మలేదు.

పద్ధతి మాత్రం సులువే. తర్వాతివాళ్లు ఒక పత్రాన్ని ఉదహరిస్తూ, దానికి ఆధారమైన పాత పత్రాల్ని వదిలేస్తే అది దారి మళ్లించినట్టు. పాతవాటినీ కలిపి ఉదహరిస్తే, ఉన్న దారిని గట్టిపరిచినట్టు. కొలమానం మైనస్ 1 (గట్టిపరచడం) నుంచి 1 (దారి మళ్లించడం) దాకా. డీఎన్‌ఏ జంట మెలికను వివరించిన వాట్సన్, క్రిక్‌ల 1953 పత్రానికి 0.62 వచ్చింది. ఎలక్ట్రాన్ల లెక్కలు తేలిక చేసిన కోన్, షామ్‌ల 1965 పత్రానికి మైనస్ 0.22. అలాగని అదేం తీసిపోలేదు; ఆ పత్రం బలపరిచిన సిద్ధాంతానికే కోన్‌కు 1998లో నోబెల్ దక్కింది!

2023 జనవరిలో పార్క్, లీహీ, ఫంక్ అనే పరిశోధకులు నేచర్ పత్రికలో పెద్ద లెక్కే తీశారు. 4.5 కోట్ల పత్రాలు, 39 లక్షల పేటెంట్లు. దారి మళ్లించే గుణం దశాబ్దాలుగా తగ్గుతోందన్నారు. ఎవరికివారు ఇరుకు మడిలోనే దున్నుకోవడం ఒక కారణం కావచ్చట. ఆధారాల జాబితా సరిగా నమోదుకాని పత్రాలే లెక్కను వంచాయని మరికొందరు అడ్డుపడ్డారు. ఆ వాదన ఇంకా తెగలేదు.