‘బట్’ అను చిన్న మాట
(రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)

  

రజతోత్సవ సభలో గ్రంథాలయ మహిమను గూర్చి ప్రసంగించుట పరిపాటి. ఆ మహిమ ఇరువదియైదేండ్లుగా దీనిని నడుపుచున్న మీకు నాకంటె బాగుగా తెలియును. కావున గ్రంథములలో అడుగడుగునను కనబడుచున్నను, ఎవ్వరును నిఘంటువు తెరచి చూడని యొక మాటను గూర్చి నాలుగు ముక్కలు మనవి చేసెదను. అది ఇంగ్లీషులోని ‘బట్’. మూడే అక్షరములు. ‘బట్ అనగా కాని’ అని బడిలో నేర్పుదురు. ఆ యొక్క అర్థమునే పట్టుకొని పుస్తకము తెరచిన విద్యార్థి పలుతావుల తడబడును. పరీక్షాపత్రమునందును, కచేరీ కాగితమునందును ఆ తడబాటు నష్టము కూడ తెచ్చును.

ముందు ఈ మాట పుట్టుక చూతము. ప్రాచీనాంగ్లములో దీని రూపము ‘బూటన్’. దాని మొదటి అర్థము ‘వెలుపల’ అని. స్కాట్లండు పల్లెలలో రెండు గదుల కుటీరమును నేటికిని ‘బట్ అండ్ బెన్’ అందురు. ‘బట్’ వంట జరుగు వెలుపలి గది. ‘బెన్’ లోపలి గది. ‘వెలుపల’ అను అర్థమునుండి ‘మినహా’ అను అర్థము వచ్చినది. పదిమందిలో ఒక్కడు తప్ప అందరును వచ్చిరనగా, ఆ యొక్కడు లెక్కకు వెలుపల నిలిచినాడన్నమాట. దానినుండియే ‘కాని’ అను అర్థము. ‘వాన కురిసినది’ అనగానే చెరువు నిండియుండునని మనసు ఊహించును. ‘కాని నిండలేదు’ అన్నపుడు ఆ సంగతి మన యూహకు వెలుపల పడినది.

ఈ మూలమును గుర్తుంచుకొన్నచో తక్కిన ప్రయోగములు సులభముగా బోధపడును. ‘లాస్ట్ బట్ వన్’ అనగా చివరిది కాదు. చివరి దానిని విడిచి దాని ముందరిది. ‘హీ ఈజ్ బట్ ఎ చైల్డ్’ అనునపుడు ‘కాని’ యని అర్థము చెప్పిన వాక్యమే నిలువదు. ‘వాడు వట్టి పసివాడు’ అని దాని భావము. పూర్వము ‘పసివాడు తప్ప మరేమియు కాడు’ అని నిషేధముతో చెప్పుచుండెడివారు. కాలక్రమమున నిషేధము జారిపోయి ‘బట్’ ఒక్కటియే మిగిలినది. ‘బట్ ఫర్ ది రెయిన్’ అనగా ‘వాన లేకున్నచో’ అని.

‘ఆల్ బట్’ విషయమున మరింత జాగ్రత్త వలయును. ‘ఆల్ బట్ టు’ అనగా ఇద్దరు తప్ప అందరును. ‘ఆల్ బట్ డెడ్’ అనగా దాదాపు చచ్చినంత పని యైనను, చావలేదు. ‘నథింగ్ బట్’, ‘ఎనీథింగ్ బట్’ అనునవి చూచుటకు కవలలవలె నుండును. అర్థమున ఉత్తర దక్షిణ ధ్రువములు. ఇంగ్లీషు న్యాయస్థానములలో సాక్షి ‘నథింగ్ బట్ ది ట్రూత్’ చెప్పెదనని ప్రమాణము చేయును. సత్యము తప్ప మరేమియు చెప్పనని భావము. అందు మొదటి మాట మార్చి ‘ఎనీథింగ్ బట్’ అన్నచో, సత్యమొక్కటి తప్ప ఏదైనను చెప్పెదనని తేలును! ఒక్క మాట మారినంతనే ప్రమాణము తలక్రిందులైనది.

ఇంత చిన్న మాటను పెద్దలు చిన్నచూపు చూడలేదు. ఆంగ్ల తత్త్వవేత్త జాన్ లాక్, మానవ బుద్ధిని గూర్చి 1690 లో ప్రకటించిన ఉద్గ్రంథమున, అవ్యయములను గూర్చిన అధ్యాయములో ఉదాహరణకు ఈ ‘బట్’నే ఎన్నుకొని, అది వాక్యవాక్యమునకు మనసు తిరుగుడును ఎట్లు వేరువేరుగా సూచించునో చూపెను. 1786 లో హార్న్ టూక్ అను పండితుడు, ఇది ఒక మాట కాదనియు, రెండు వేరు ధాతువులనుండి పుట్టిన రెండు మాటలు కలిసిపోయినవనియు వాదించెను. తరువాతి పండితులు ఆ వాదమును అంగీకరింపలేదు.

మన ‘కాని’ మరియొక త్రోవను వచ్చినది. అది ‘అగు’ ధాతువునకు వ్యతిరేక రూపము. ‘కాని పని’ అన్నపుడు ఆ మూలార్థము నేటికిని స్పష్టము. ‘పాలు కాని మజ్జిగ కాని’ అన్నపుడు వికల్పము. ‘చదివినగాని తెలియదు’ అన్నపుడు ‘చదువుట తప్ప వేరు మార్గము లేదు’ అని. ఇచ్చట ‘బట్’ మూలార్థమును మన మాట దరిచేరినది. అయినను రెండును సరిసమానములు కావు. ‘అతడు డాక్టరు కాదు, ప్లీడరు’ అని మనమందుము. ఇంగ్లీషువారు నడుమ ‘బట్’ పెట్టుదురు. దానిని చూచి ‘డాక్టరు కాదు, కాని ప్లీడరు’ అని తెనిగించినచో అది తెలుగు కాదు. జర్మను భాషలో ఈ రెండు పనులకు రెండు మాటలు గలవు: ‘ఆబర్’, ‘జోండర్న్’.

ఇక అసలు సంగతి. జర్మను తార్కికుడు ఫ్రేగె 1879 లో ప్రకటించిన తన తర్కలిపి గ్రంథమున, ‘మరియు’ అనుదానికిని ‘కాని’ అనుదానికిని గల భేదమును ఆ లిపిలో చూపనక్కరలేదనెను. సత్యాసత్యముల లెక్కలో రెండును ఒక్కటే. కాని మనుష్యుల నడుమ ఒక్కటి కావు. ‘బీదవాడు, నిజాయితీపరుడు’ అనుట వేరు. ‘బీదవాడు కాని నిజాయితీపరుడు’ అనుట వేరు. రెండవ వాక్యము పలికినవాడు, బీదలలో నిజాయితీ యుండదను దురభిప్రాయమును నోట చెప్పకయే చెప్పినాడు. ‘ఆడపిల్ల కాని తెలివిగలది’ అనునదియు నట్టిదే. పొగడ్త అనుకొని పలికిన మాటలో ఒక జాతికంతటికి నింద యిమిడియున్నది. చదువరి యగువాడు ఇట్టి వాక్యము కంటబడినపుడు ఆగి, ‘ఈ కాని ఎందుకు వచ్చినది?’ అని ప్రశ్నింపవలెను.

వరుస మారినను ఫలము మారును. ‘పనివాడే, కాని కోపిష్ఠి’ అని వ్రాసిన సిఫారసు ఉత్తరము ఉద్యోగము పోగొట్టును. ‘కోపిష్ఠియే, కాని పనివాడు’ అన్నచో ఇప్పించును. సంగతులు అవియే; ‘కాని’ తరువాత నిలిచినదానికే బరువు.

ఈ సూత్రమును మన గ్రంథాలయమునకు కూడ అన్వయింపుడు. ‘గ్రంథాలయము మంచిదే, కాని తీరిక లేదు’ అను మాట ప్రతి యూరను వినబడును. దానిని త్రిప్పి ‘తీరిక లేదు, కాని గ్రంథాలయము మంచిది’ అని చూడుడు. కాళ్లు ఇటువైపే నడచును. నిఘంటువులను బీరువాలో తాళము వేసి దాచక, పిల్లల చేతికందు బల్లమీద నుంచవలసినదని నిర్వాహకులను ప్రార్థించుచు, ఈ సంస్థ స్వర్ణోత్సవమును, వజ్రోత్సవమును జరుపుకొనవలెనని కోరుచు, సెలవు తీసికొనుచున్నాను.