న్యాయ సాంకేతికత సంతలో స్త్రీల ప్రశ్నలు

(లాలాపేట్‌లో స్త్రీల సంఘాల కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కోర్టులకీ లాయర్లకీ సాఫ్ట్‌వేర్ అమ్మే కంపెనీల సదస్సులో మనకేం పని అని ఈ మధ్య చాలామంది అడిగారు. న్యాయమైన ప్రశ్నే. మనం భరణం కేసుల వెనకా, గృహహింస కేసుల వెనకా తిరిగేవాళ్ళం. వాయిదాలకి తోడు వెళ్ళడం, నకళ్ళు తీయించడం, ప్లీడరుతో పోట్లాడటం మన పని. అయితే ఆ వాయిదా ఎలా జరగాలి, ఆ నకలు ఎక్కడ ఉండాలి, అర్జీ ఏ భాషలో చదవబడాలి అన్న విషయాలు ఇప్పుడు చాలావరకు ఇలాంటి సదస్సుల్లోనే రూపు దిద్దుకుంటున్నాయి. అందుకే వెళ్ళాను. అందుకే మీరూ వెళ్ళాలంటున్నాను.

ఇది చిన్న వ్యవహారం కాదు. ఈ-కోర్టుల పథకం మూడో దశకి 2023 సెప్టెంబరులో కేంద్ర మంత్రివర్గం నాలుగేళ్ళకి 7,210 కోట్ల రూపాయలు మంజూరు చేసింది. పాత కాగితాలను కంప్యూటర్‌లోకి ఎక్కించడం, కాగితం లేని కోర్టులు, వీడియో విచారణలు, కృత్రిమ మేధ, అన్నీ అందులో ఉన్నాయి. ఇది ప్రజల డబ్బు, మన డబ్బు. ఈ పనుల చుట్టూ ఒక వ్యాపారం పెరుగుతోంది. లాయర్ల ఆఫీసులకి కేసుల జాబితా చూపే యంత్రాలు, ఒప్పందాలు చదివే యంత్రాలు, కోర్టు బయటే ఫోన్‌లో తగాదా తీర్చే ఏర్పాట్లు, అన్నీ సరుకులే. సదస్సు అంటే ఆ సరుకుల సంత.

2020లో కరోనాతో ఈ సంతలు కూడా మూతబడి తెరమీదికి మారాయి. న్యూయార్క్‌లో ఏటా జరిగే లీగల్‌వీక్ 2021లో పూర్తిగా తెరమీదే జరిగింది, 2022 మార్చిలో మళ్ళీ హోటల్ హాల్లోకి వచ్చింది. మన దగ్గరా అదే వరస. తెరమీద జరిగిన రోజుల్లో మనబోటివాళ్ళకి ఒక లాభం కలిగిన మాట నిజం. ప్రయాణం ఖర్చు లేదు, పిల్లల్ని ఎవరికో అప్పజెప్పే అవసరం లేదు, వంటింట్లో నిలబడి కూడా వినొచ్చు. కానీ వినడం వరకే. ప్రశ్న రాసి పంపితే, అది చదవాలో వద్దో నిర్వాహకుడు నిర్ణయిస్తాడు. మన మైకు మూసే మీట అతని చేతిలో ఉంటుంది. ఉపన్యాసం అయిపోగానే తెర నల్లబడుతుంది. పక్కనెవరు కూర్చున్నారో, ఎవరు ఎవరితో బేరం కుదుర్చుకున్నారో మనకి తెలీదు.

ఈసారి స్వయంగా వెళ్ళాను. తార్నాకలో మెట్రో ఎక్కితే మారకుండానే హైటెక్ సిటీలో దిగొచ్చు. లోపలికి వెళ్ళాక వేదిక మీది ఉపన్యాసాల కంటే స్టాళ్ళ దగ్గరే ఎక్కువసేపు గడిపాను. ప్రతిచోటా అవే మూడు ప్రశ్నలు వేశాను. మీ యంత్రానికి తెలుగు వస్తుందా? స్త్రీల కేసు కాగితాలూ, వీడియోలూ ఎక్కడ ఉంటాయి, ఎవరు చూడొచ్చు? యంత్రం తప్పు చేస్తే బాధ్యత ఎవరిది?

మొదటి ప్రశ్నకి చాలాచోట్ల ‘వస్తుందండీ’ అన్నారు. పేర్లూ ఊర్లూ తీసేసిన ఒక తెలుగు అర్జీ నా సంచీలో ఉంది. ఒక స్టాలులో అది ఎక్కించి ఇంగ్లీషు చెయ్యమన్నాను. ‘మా ఆయన తాగొచ్చి నా మీద చెయ్యి చేసుకున్నాడు’ అని అందులో ఉంది. యంత్రం దాన్ని చేతిపని ఏదో చేశాడన్నట్టు రాసింది. దెబ్బ మాయమైంది. ‘పుట్టింట్లో దిగబెట్టి మళ్ళీ తీసుకెళ్ళలేదు’ అన్న వాక్యం భర్త భార్యని ఊరికి ప్రయాణం కట్టించినట్టు తయారైంది. స్టాలు అబ్బాయి నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. ఆ రెండు వాక్యాల మీదే ఒకామె గృహహింస కేసు నిలబడాలి కదా! తెలుగు రాని పైకోర్టు జడ్జి చేతికి ఆ ఇంగ్లీషు కాగితమే వెళితే ఆమె దెబ్బల మాట ఎవరు చెప్తారు?

రెండో ప్రశ్నకి ‘అంతా భద్రంగా ఉంటుంది’ అన్నారు. ఎన్నేళ్ళు ఉంటుంది, ఎప్పుడు చెరిపేస్తారు అంటే పై ఆఫీసులో కనుక్కుని చెప్తామన్నారు. వ్యక్తిగత సమాచార రక్షణకి 2023లో చట్టం వచ్చింది. అయితే కోర్టులు తమ విధుల్లో భాగంగా చేసే పనికీ, చట్టబద్ధమైన హక్కు సాధించుకోవడానికి చేసే పనికీ ఆ చట్టం 17వ సెక్షన్ మినహాయింపులు ఇచ్చింది. కాబట్టి ఆ చట్టమే అన్నీ చూసుకుంటుందని మనం నిశ్చింతగా ఉండలేం. భర్తకి తెలియకుండా హాస్టల్లో ఉంటున్న స్త్రీ చిరునామా ఒక్క కాగితంలో పొరపాటున బయటపడితే చాలు.

మూడో ప్రశ్నకి జవాబు ఎక్కడా దొరకలేదు. ఇది ఊహించి భయపడుతున్నది కాదు. 2025లో విజయవాడలో ఒక సివిల్ కోర్టు ఉత్తర్వులో ఉదహరించిన తీర్పులు అసలు లేనివని, కృత్రిమ మేధ కల్పించినవని బయటపడింది. ఆ వ్యవహారం ఆంధ్రప్రదేశ్ హైకోర్టుకీ, 2026లో సుప్రీంకోర్టు దాకానూ వెళ్ళింది. కేరళ హైకోర్టు 2025 జులైలోనే తన కింది కోర్టులకి ఒక విధానం ప్రకటించింది. తీర్పు చెప్పడానికి కృత్రిమ మేధని వాడకూడదని అందులో రాసింది. మన రాష్ట్రాల్లోనూ అలాంటి స్పష్టమైన మాట అడగాల్సింది మనమే.

ఇక అసలు విషయానికి వస్తాను. ‘అమ్మా, ఇక మీ ఆడవాళ్ళు కోర్టుల చుట్టూ తిరగక్కర్లేదు, ఇంట్లో కూర్చునే వాయిదాకి హాజరవ్వొచ్చు’ అని అక్కడ అందరూ ఎంతో ప్రేమగా చెప్పారు. ఈ మాటని మనం జాగ్రత్తగా పరీక్షించాలి. ఎందుకంటే ఈ వాదం సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది హైదరాబాద్ స్త్రీ కేసుతోనే.

ఆమె మీద భర్త జబల్‌పూర్ ఫామిలీ కోర్టులో కేసు వేశాడు. అంతదూరం తిరగలేను, కేసుని హైదరాబాద్‌కి బదిలీ చెయ్యమని ఆమె అడిగింది. అలాంటి అర్జీలు వచ్చినప్పుడు బదిలీకి బదులు వీడియో కాన్ఫరెన్స్ వాడొచ్చని 2017 మార్చిలో ఇద్దరు జడ్జీల ధర్మాసనం చెప్పింది. అదే ఏడాది అక్టోబరు 9న మరో కేసులో ముగ్గురు జడ్జీల ధర్మాసనం, ఇద్దరి మెజారిటీతో, ఆ తీర్పుని పక్కన పెట్టింది. రాజీ ప్రయత్నాలు విఫలమయ్యాక, ఇద్దరూ ఉమ్మడిగా కోరితేనే ఫామిలీ కోర్టు వీడియోకి అనుమతి ఇవ్వొచ్చని జస్టిస్ దీపక్ మిశ్రా, జస్టిస్ ఖాన్విల్కర్ అన్నారు. ఫామిలీ కోర్టుల చట్టం 11వ సెక్షన్ ప్రకారం భార్యాభర్తల్లో ఏ ఒక్కరు కోరినా విచారణ మూసిన గదిలో జరగాలి, ఆ రక్షణ పోకూడదన్నది వాళ్ళ వాదం. జస్టిస్ చంద్రచూడ్ విభేదించారు. సాంకేతికత న్యాయాన్ని దగ్గర చేస్తుంది, దానికి ముందే తలుపు మూయకూడదన్నారు. తర్వాతి కాలంలో సుప్రీంకోర్టు ఈ-కమిటీకి అధ్యక్షులైంది ఆయనే.

ఇద్దరి మాటలోనూ నిజముందని మన అనుభవం చెప్తుంది. తెర కొన్నిచోట్ల రక్షణ. హైదరాబాద్ భరోసా కేంద్రంలో 2018లో పిల్లల కోసం ప్రత్యేక కోర్టు పెట్టినప్పుడు, నిందితుడి మొహం చూడకుండా బిడ్డ సాక్ష్యం చెప్పే వీలు కల్పించారు. అత్యాచారానికి గురైన స్త్రీకీ నిందితుడికీ మధ్య అడ్డుతెర ఉండాలని 2004లో సుప్రీంకోర్టు సాక్షి కేసులో చెప్పింది. అది స్త్రీల సంస్థ వేసిన కేసే. వాయిదాకి రోజుకూలీ పోగొట్టుకునే స్త్రీకి, చంటిబిడ్డ తల్లికి, వేరే రాష్ట్రంలో కేసు ఎదుర్కొంటున్న ఆమెకి వీడియో నిజంగా మేలే.

కానీ ఇంట్లో కూర్చుని హాజరవ్వడమంటే ఏ ఇంట్లో? అత్తగారి ఇంట్లోనే ఇంకా ఉంటున్న స్త్రీ, పక్కగదిలో మరిది వింటుండగా, తనని కొట్టిన సంగతి ఫోన్‌లో జడ్జికి ఎలా చెప్తుంది? ఆమె వెనక ఎవరు నిలబడి కళ్ళతో బెదిరిస్తున్నారో తెరమీద కనిపిస్తుందా? ఆ ఫోనైనా ఎవరిది? 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో తాము స్వయంగా వాడుకునే ఫోన్ ఉన్న స్త్రీలు 54 శాతమే. ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడిన స్త్రీలు మూడోవంతు. ఆ తర్వాత ఫోన్లు పెరిగి ఉండొచ్చు, కానీ ఫోన్ మీద పెత్తనం ఎవరిదన్న ప్రశ్న మారలేదు. చాలామందికి అత్తవారింటి గడప దాటడానికి దొరికే ఒకే ఒక సాకు కోర్టు వాయిదా. ఆ వరండాలోనే తనలాంటి మరో స్త్రీ కనిపిస్తుంది. మనలాంటి వాళ్ళం ఎదురుపడేదీ అక్కడే. 2023 డిసెంబరు నుంచి తెలంగాణలో స్త్రీలకి సిటీ బస్సు, పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ ఛార్జీ లేదు. కోర్టుకి వెళ్ళే ఖర్చు తగ్గిన ఈ సమయంలో కోర్టు తలుపు దూరం కాకూడదు.

కాబట్టి తెర మంచిదా, గది మంచిదా అని మనం వాదులాడుకోనక్కర్లేదు. ఎంచుకునే హక్కు ఆ స్త్రీది కావాలి. జడ్జి సౌకర్యానికో, భర్త ఉద్యోగానికో, కంపెనీ కాంట్రాక్టుకో ఆ హక్కు లొంగకూడదు. ఆమె వీడియో అడిగితే భద్రమైన చోటు నుంచి మాట్లాడే ఏర్పాటు కావాలి. నేరుగా వస్తానంటే కాదనకూడదు. 2020 ఏప్రిల్ 6న, కరోనా ఉధృతంలో కూడా, ఇద్దరి సమ్మతి లేకుండా వీడియోలో సాక్ష్యం నమోదు చెయ్యొద్దని సుప్రీంకోర్టు చెప్పిన సంగతి మర్చిపోవద్దు. అయితే 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త క్రిమినల్ ప్రక్రియ చట్టం 530వ సెక్షన్ విచారణలన్నీ ఎలక్ట్రానిక్ పద్ధతిలో జరపడానికి దారి తెరిచింది. ఆ దారిలో స్త్రీ సమ్మతికి చోటెక్కడో ఇప్పుడే అడగాలి.

హాజరు కావడమంటే ఏమిటో ఈ ప్రాంతానికి ఎవరూ నేర్పనక్కర్లేదు. ఈ ఉస్మానియా క్యాంపస్‌లోనే 1974లో ప్రగతిశీల మహిళా సంఘం పుట్టింది. ఇక్కడికి దగ్గర్లోని నల్లకుంట పోలీస్ స్టేషన్లోనే 1978లో రమీజాబీ మీద అత్యాచారం జరిగింది, ఆమె భర్తని కొట్టి చంపారు. జస్టిస్ ముక్తదర్ కమిషన్ పోలీసుల్ని తప్పుపట్టింది. అయినా కేసు రాయచూరుకి బదిలీ అయి, 1981లో వాళ్ళు నిర్దోషులుగా బయటికొచ్చారు. ఆ కమిషన్ ముందు రమీజాబీ నేరం కంటే ఆమె శీలం మీదే ఎక్కువ ప్రశ్నలు వేశారు. దేశమంతా స్త్రీలు వీధుల్లోకీ కోర్టుల్లోకీ వెళ్ళాకే 1983లో అత్యాచార చట్టం మారింది. అత్యాచార కేసుల విచారణ మూసిన గదిలో జరగాలన్న నియమమూ అప్పుడే వచ్చింది. తలుపు ఎప్పుడు మూయాలో, ఎప్పుడు తెరవాలో స్త్రీలు చెప్పగలిగింది అక్కడ ఉన్నారు కాబట్టే.

సదస్సులో భోజనాల దగ్గర ఒక ఇంజనీరు అమ్మాయి నాతో చెప్పింది: ‘మమ్మల్ని బ్యాంకులు అడుగుతాయి, పెద్ద లా కంపెనీలు అడుగుతాయి. ఆడవాళ్ళ అర్జీల గురించి ఇంతవరకు ఎవరూ అడగలేదు మేడమ్.’ అడిగితే చేస్తారని నేననను. లాభం లేని పని కంపెనీ ఊరికే చెయ్యదు. కానీ బాకీల వసూలుకి ఫోన్‌లోనే తగాదా తీర్చే యంత్రాలు ముందు తయారయ్యాయి. అప్పిచ్చినవాడు ఆ హాల్లో ఉన్నాడు, అప్పు తీసుకున్న పొదుపు సంఘం ఆవిడ లేదు. ఆ తేడా తెరమీద చూస్తే తెలీదు, హాల్లో నిలబడితే కళ్ళకి కడుతుంది.

చెయ్యగలిగిన పనులు కొన్ని చెప్పి ముగిస్తాను. వీడియో వాయిదాల్లో స్త్రీలకి ఏం జరిగిందో ప్రతి సంఘమూ రాసిపెట్టాలి: ఎక్కడ కూర్చుంది, పక్కన ఎవరున్నారు, మాట వినబడిందా, తనే ఒప్పుకుందా. ‘చెయ్యి చేసుకున్నాడు’ లాంటి మాటల జాబితా ఒకటి తయారుచేసి, తెలుగు అనువాద యంత్రం కొనేముందు దాన్ని పరీక్ష పెట్టమని హైకోర్టులకి ఇవ్వాలి. ఇందులో ఉస్మానియా లా కాలేజీ విద్యార్థినుల్ని కలుపుకోవాలి. సదస్సుల నిర్వాహకుల్ని స్త్రీల సంఘాలకి ఉచిత ప్రవేశం, వేదిక మీద చోటు అడగాలి. న్యాయసేవల చట్టం 12వ సెక్షన్ కింద ఆదాయంతో నిమిత్తం లేకుండా ప్రతి స్త్రీకీ ఉచిత న్యాయసహాయం హక్కు అనీ, 15100 కి ఫోన్ చెయ్యొచ్చనీ, వీడియో వద్దనుకుంటే లాయరు చేత ఆ మాట కాగితం మీద పెట్టించొచ్చనీ ప్రతి ఒక్కరికీ చెప్పాలి.

వచ్చే సదస్సుకి నేనొక్కదాన్నే వెళ్తే వాళ్ళకి అది వింత. పదిమంది వెళ్ళి పది స్టాళ్ళ దగ్గర అవే మూడు ప్రశ్నలు వేస్తే, మరుసటి ఏటికి జవాబు సిద్ధం చేసుకుని రాక తప్పదు. వచ్చేవాళ్ళు ఈ సభ అయ్యాక పేర్లివ్వండి.