పేరు ఆమెది, సంతకం ఆమెది, మరి వాటా ఎవరిది?

(మహిళా కార్యకర్తల శిక్షణ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



స్త్రీల ఆస్తి హక్కు అనగానే మనకు భూమి, ఇల్లు, బంగారం గుర్తొస్తాయి. మన పోరాటాలన్నీ వాటి చుట్టూనే జరిగాయి కాబట్టి అది సహజమే. ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానంగా వాటా ఇస్తూ 1985 సెప్టెంబరు నుంచి అమల్లోకి వచ్చేలా ఆంధ్రప్రదేశ్ హిందూ వారసత్వ చట్టాన్ని సవరించుకుంది. దేశమంతటా ఆ హక్కు రావడానికి 2005 దాకా పట్టింది. చట్టం వచ్చాక కూడా ఎంతమంది ఆడపిల్లలు ఒక పట్టుచీర పుచ్చుకుని హక్కు వదులుకున్నట్టు సంతకం పెట్టారో నాకంటే మీకే బాగా తెలుసు.

ఈ రోజు నేను మాట్లాడబోయేది మన సమావేశాల్లో పెద్దగా చర్చకు రాని ఆస్తి గురించి, అంటే షేర్ల గురించి. "మా బస్తీలో షేర్లు ఎవరికున్నాయండీ?" అని మీలో కొందరికి అనిపించవచ్చు. ఒకప్పుడు అది న్యాయమైన ప్రశ్నే. ఇప్పుడు కాదు. టీచర్లు, బ్యాంకు గుమాస్తాలు, చిన్న వ్యాపారులు, ప్రైవేటు కంపెనీల్లో పనిచేసే కుర్రాళ్ళు అందరూ ఏదో ఒక రూపంలో షేర్ల మార్కెట్లోకి వచ్చేశారు. వాళ్ళతో పాటు వాళ్ళ ఇళ్ళలోని ఆడవాళ్ళు కూడా వచ్చారు. కాకపోతే చాలామంది తమకు తెలియకుండానే వచ్చారు.

కొంచెం వెనక్కి వెళ్దాం. కంపెనీలు జనం దగ్గర ఎంత ధరకు షేర్లు అమ్మాలో నిర్ణయించే ప్రభుత్వ నియంత్రణ 1992లో రద్దయింది. అదే ఏడాది సెబీకి చట్టబద్ధమైన అధికారాలు వచ్చాయి. ఆ ఏడాది ఏప్రిల్‌లోనే హర్షద్ మెహతా కుంభకోణం బయటపడింది. అయినా కొత్త కంపెనీల షేర్ల మీద మోజు తగ్గలేదు. చిన్న పట్టణాల్లో కూడా దరఖాస్తు ఫారాలు పంచేవారు. ఎక్కువమంది అడిగితే లాటరీ తీసేవారు. ఒక మనిషికి ఒకటే దరఖాస్తు కాబట్టి అవకాశం పెంచుకోవడానికి ఇంట్లో ఎన్ని పేర్లుంటే అన్ని దరఖాస్తులు పెట్టేవారు. భార్య పేరు, తల్లి పేరు, పెళ్ళి కాని చెల్లెలి పేరు, అన్నీ పనికొచ్చేవి.

గుంటూరులో రిటైరైన ఒక ఉపాధ్యాయిని నాతో ఇలా అన్నారు: "మా ఆయన ఫారాలు కట్టలుగా తెచ్చేవారు. రాత్రి అన్నాలయ్యాక నేనూ మా అత్తగారూ కూర్చుని, ఇంటూ గుర్తు పెట్టిన చోటల్లా సంతకాలు చేసేవాళ్ళం. మా అత్తగారికి పేరు రాయడం తప్ప ఏమీ రాదు. లాటరీలో అందరికంటే ఎక్కువ షేర్లు ఆవిడకే వచ్చాయి!" ఆవిడ నవ్వుతూనే చెప్పారు. ఆ షేర్లు ఏమయ్యాయని అడిగితే మాత్రం "అవన్నీ ఆయన చూసుకునేవారు" అన్నారు. అమ్మేటప్పుడు కూడా అంతే. అమ్మకానికి కావలసిన బదిలీ ఫారాల మీద ముందే ఖాళీగా సంతకాలు తీసుకుని బీరువాలో పెట్టేవారట.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. పొలం విషయంలో స్త్రీకి పేరే ఉండదు. ఎంత చాకిరీ చేసినా పట్టా మగవాడిదే. షేర్ల విషయంలో అది తలకిందులైంది. పేరు ఉంది, చట్టం దృష్టిలో ఆమే వాటాదారు, కంపెనీ సర్వసభ్య సమావేశానికి పిలుపు ఆమె పేరు మీదే వస్తుంది. కానీ ఏది కొనాలి, ఎప్పుడు అమ్మాలి, వచ్చిన డబ్బు ఏం చేయాలి అన్న నిర్ణయాల్లో ఎక్కడా ఆమె లేదు. భర్త ఇచ్చిన సొమ్ముతో భార్య పేరు మీద పెట్టుబడి పెడితే దాని మీద వచ్చే ఆదాయాన్ని ఆదాయపు పన్ను చట్టం భర్త ఆదాయంలోనే కలుపుతుంది. పన్ను తప్పించుకోకుండా పెట్టిన నిబంధన అది. కానీ మన కుటుంబాల్లో ఆ పేరు వెనక ఉన్న వాస్తవాన్ని పన్ను చట్టం మనకంటే ముందే గ్రహించిందని నాకు అనిపిస్తుంది.

దీన్నిబట్టి స్త్రీలకు డబ్బు వ్యవహారాలు తెలియవని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. మన వీధుల్లో చీటీలు నడిపేది ఎవరు? ఈ నెల ఎవరికి ఎందుకు అవసరం, ఎవరు పాట ఎక్కువ తగ్గించి పాడతారు, పాడుకున్నాక ఎవరు సక్రమంగా కడతారు, ఎవరు ఎగ్గొడతారు అన్న లెక్కలన్నీ వాళ్ళకు కంఠస్థం. పొదుపు సంఘాల్లో లక్షల రూపాయల పుస్తకాలు రాస్తున్నది కూడా వాళ్ళే. చీటీలో అవతలి మనిషి మొహం తెలుసు, ఇల్లు తెలుసు. షేర్ల మార్కెట్లో మొహాలుండవు. అక్కడ మొహం బదులు కాగితం ఉంటుంది. ఆ కాగితం ఆమె చేతికి ఇవ్వరు. లోపం తెలివిలో లేదు, ఆ కాగితం ఎవరి బీరువాలో ఉంది, ఆ పాస్‌వర్డ్ ఎవరి దగ్గర ఉంది అన్న దాంట్లో ఉంది.

మరి నష్టం వచ్చినప్పుడు ఏం జరుగుతుంది? యూనిట్ ట్రస్టు అంటే ప్రభుత్వానిదే, డబ్బు ఎక్కడికీ పోదు అని నమ్మినవాళ్ళు 2001 జులైలో యూఎస్-64 యూనిట్ల తిరిగి కొనుగోలు ఆగిపోయేసరికి నిర్ఘాంతపోయారు. హైదరాబాద్ కంపెనీ, మనవాళ్ళ కంపెనీ అని సత్యం షేర్లు కొనుక్కున్నవాళ్ళు 2009 జనవరి 7న ఒక్క రోజులో నాలుగింట మూడు వంతులకు పైగా విలువ పోగొట్టుకున్నారు. ఇప్పుడు ఫోనులోనే ఫ్యూచర్స్, ఆప్షన్స్ వ్యాపారం నడుస్తోంది. 2021-22 నుంచి 2023-24 వరకు మూడేళ్ళలో ఈ వ్యాపారం చేసిన వ్యక్తుల్లో 93 శాతం మంది నష్టపోయారనీ, ఆ నష్టం మొత్తం 1.8 లక్షల కోట్ల రూపాయలు దాటిందనీ సెబీ 2024 సెప్టెంబరులో ప్రకటించింది.

ఈ అంకె వెనక ఉన్న ఇళ్ళను గురించి కూడా మనం ఆలోచించాలి. ఏలూరు దగ్గర ఒక యువతి చెప్పింది: "లాభం వచ్చిన రోజు ఫోను చూసుకుని తనలో తను నవ్వుకునేవాడు. నష్టం సంగతి మాత్రం నా గొలుసు తాకట్టు పెట్టిన రసీదు దొరికాక తెలిసింది." లాభం ఆయన తెలివికి గుర్తు. నష్టం మాత్రం ఆమె బంగారం మీద, పిల్లల ఫీజు మీద, ఒక్కోసారి పుట్టింటివాళ్ళు పసుపు కుంకుమల కింద ఇచ్చిన ఎకరం మీద పడుతుంది. నిర్ణయంలో వాటా లేని మనిషికి నష్టంలో మాత్రం పూర్తి వాటా దక్కుతోంది.

భర్త చనిపోయినప్పుడు ఇది ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. వరంగల్‌లో ఒకామె భర్త పెళ్ళికి ముందు డీమాట్ ఖాతా తెరిచి తమ్ముణ్ణి నామినీగా రాశాడు. పెళ్ళయ్యాక మార్చలేదు. అతను పోయాక మరిది "నామినీని నేనే వదినా, చట్టప్రకారం అవి నావే" అన్నాడు. ఆమె నమ్మింది. పక్కింటి ప్లీడరు గుమాస్తా కూడా అలాగే చెప్పాడట. అది నిజం కాదు. నామినీ అంటే సొమ్మును అందుకునే మనిషే తప్ప సొంతదారు కాడు. వారసుల తరఫున మాత్రమే అందుకుంటాడు. షేర్ల విషయంలో కూడా ఇదే సూత్రం వర్తిస్తుందని 2023 డిసెంబరు 14న శక్తి యెజ్దానీ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. హిందూ పురుషుడు వీలునామా రాయకుండా పోతే అతని స్వార్జితంలో భార్యకు, ప్రతి బిడ్డకు, తల్లికి సమాన వాటాలు వస్తాయి. వాళ్ళుండగా తమ్ముడికి ఏమీ రాదు. ఈ రెండు వాక్యాలు తెలిసి ఉంటే ఆమె ఏళ్ళ తరబడి ఊరుకునేది కాదు.

నామినీ లేని చోట ఇంకో ప్రమాదం ఉంది. షేర్లు ఒక వారసుడి పేరుకు మార్చడానికి మిగిలిన వారసులు తమకు అభ్యంతరం లేదని రాసివ్వాలని కంపెనీలు అడుగుతాయి. ఆ కాగితం పట్టుకుని అన్నదమ్ములు అక్కచెల్లెళ్ళ దగ్గరకు వస్తారు. "ఏదో ఆఫీసు ఫారమమ్మా" అంటారు. అది ఉత్త ఫారం కాదు. పొలం దగ్గర పెట్టించుకున్న సంతకానికీ దీనికీ తేడా లేదు.

ఇంటి పేరు సంగతి కూడా చెప్పాలి. పెళ్ళికి ముందు తండ్రి కొన్న షేరు సర్టిఫికెట్టు మీద పుట్టింటి ఇంటి పేరు ఉంటుంది. పాన్ కార్డు, ఆధార్ మీద అత్తింటి ఇంటి పేరు ఉంటుంది. పేరు సరిపోలలేదని కాగితాలు తిప్పి పంపుతారు. వివాహ ధ్రువపత్రం తెమ్మంటారు, అఫిడవిట్టు తెమ్మంటారు, గెజిట్ ప్రకటన తెమ్మంటారు. పెళ్ళి వల్ల ఏ మగవాడికీ ఈ తిప్పలు లేవు. వారసత్వం వంటి సందర్భాల్లో తప్ప కాగితం షేర్లను నేరుగా మరొకరి పేరుకు మార్చడం 2019 ఏప్రిల్ 1 నుంచి ఆగిపోయింది. అమ్మాలంటే ముందు డీమాట్‌లోకి మార్చాలి. అందుకే ఎన్నో పాత సర్టిఫికెట్లు ట్రంకు పెట్టెల్లో అలాగే ఉండిపోయాయి.

అలా ఉండిపోయినవి ఎక్కడికి పోతాయి? 2013 కంపెనీల చట్టం ప్రకారం వరుసగా ఏడేళ్ళు డివిడెండు తీసుకోకపోతే ఆ డివిడెండుతో పాటు షేర్లు కూడా పెట్టుబడిదారుల విద్య, రక్షణ నిధికి వెళ్ళిపోతాయి. వెళ్ళినంత మాత్రాన హక్కు పోదు. ఆ నిధి వెబ్‌సైట్లో పేరుతో వెతకవచ్చు. ఐఈపీఎఫ్-5 అనే ఫారం నింపి, కాగితాలు కంపెనీకి పంపి తిరిగి తీసుకోవచ్చు. ఆ ఫారానికి రుసుము లేదు. ఈ సంగతి తెలియనివాళ్ళ దగ్గర మధ్యవర్తులు వచ్చేదాంట్లో భాగం అడుగుతున్నారు.

ఇక భర్త నుంచి విడిపోయే స్త్రీల సంగతి. ఇది నేరుగా మన పనికి సంబంధించింది. 2005 గృహహింస చట్టం మూడో సెక్షన్లో ఆర్థిక హింస నిర్వచనం ఉంది. కేసులు చూసే మిత్రులు కూడా దాన్ని చివరిదాకా చదవరు. అందులో ఇంటి సామాను, విలువైన వస్తువులతో పాటు షేర్లు, సెక్యూరిటీలు, బాండ్లు అన్న మాటలు స్పష్టంగా ఉన్నాయి. ఆమెకు హక్కు ఉన్నవాటిని, ఆమెకూ పిల్లలకూ అవసరమైనవాటిని అమ్మేయడం ఆర్థిక హింసే. అలా అమ్మకుండా 18వ సెక్షన్ కింద మేజిస్ట్రేటు ఆపవచ్చు. మనోవర్తి కేసుల్లో భార్యాభర్తలిద్దరూ ఆస్తులు, పెట్టుబడుల వివరాలు ప్రమాణపత్రంలో కోర్టుకు ఇవ్వాలని 2020 నవంబరు 4న రజనేష్ - నేహా కేసులో సుప్రీంకోర్టు ఆదేశించింది. "నాకు జీతం తప్ప ఏమీ లేదు" అనే భర్తను డీమాట్ ఖాతా గురించి అడిగే దారి మనకు ఉంది. మనం అడగడం లేదు.

నేను స్త్రీలందరినీ షేర్లు కొనమని చెప్పడానికి రాలేదు. కొనడమే సాధికారత అని ప్రచారం చేసే ప్రకటనల మీద నాకు నమ్మకం లేదు. ఇప్పుడు భార్య పేరున ఖాతా తెరిచి, ఓటీపీ మాత్రం భర్త ఫోనుకు వచ్చేలా పెట్టుకునే ఇళ్ళు ఉన్నాయి. ఒకప్పటి ఖాళీ సంతకానికి ఇది కొత్త రూపం. తన పేరు మీద ఏముందో తెలుసుకునే హక్కు, వద్దని చెప్పే హక్కు, నష్టం వస్తే ముందుగా తెలుసుకునే హక్కు, ఈ మూడూ లేని యాజమాన్యం పితృస్వామ్యానికి ఇంకొక సౌకర్యం మాత్రమే.

అందుకని మూడు పనులు ప్రతిపాదిస్తున్నాను. మొదటిది, మన దగ్గరకు సాయం కోసం వచ్చే స్త్రీల వివరాలు రాసుకునేటప్పుడు బంగారం, సామాను, స్థలం గురించి అడిగినట్టే, "మీ పేరు మీద గానీ, మీ ఆయన పేరు మీద గానీ షేర్లు, మ్యూచువల్ ఫండ్లు ఉన్నాయా? మీ చేత ఎప్పుడైనా అలాంటి కాగితాల మీద సంతకం పెట్టించారా?" అని అడగాలి. రెండోది, పాన్ కార్డు ఉన్న ప్రతి స్త్రీకీ తన పేరు మీద ఉన్న డీమాట్ షేర్లు, మ్యూచువల్ ఫండ్లన్నీ ఒకచోట చూపించే ఉమ్మడి ఖాతా నివేదిక తెప్పించుకునే వీలుందని చెప్పాలి. అది డిపాజిటరీల నుంచి వస్తుంది. దాంట్లో ఉన్న ఫోను నంబరు, ఈమెయిలు తనవేనా అని కూడా చూసుకోమనాలి. మూడోది, పొదుపు సంఘాల సమావేశాల్లో ఒక రోజు దీనికి కేటాయించాలి. ట్రంకు పెట్టెల్లోని పాత కాగితాలు తెచ్చుకోమని, అందరూ కలిసి చదవాలి. సంఘం పుస్తకం రాసే చేతికి ఈ కాగితం కష్టం కాదు.

వచ్చే సమావేశానికి మీ మీ మండలాల్లో ఈ ప్రశ్న ఎంతమందిని అడిగారో, ఏం జవాబులు వచ్చాయో రాసి తీసుకురండి. "అవన్నీ ఆయన చూసుకుంటారండీ" అన్న జవాబు వస్తే దాన్ని కూడా రాయండి. మన పని అక్కడి నుంచే మొదలవుతుంది.