ముఖాలఫా ఎవరిది?



ఇవాళ శుక్రవారం. ఇక్కడ బహ్రెయిన్‌లో సెలవు. ఇలాంటి పూట ఏ పాటల గురించో, పండగ వంటల గురించో మాట్లాడితే బాగుంటుందని నాకూ తెలుసు. కానీ నిర్వాహకులు నన్ను అడిగింది ట్రాఫిక్ జరిమానాల గురించి చెప్పమని. గల్ఫ్‌లో ఉన్న మనవాళ్ళు ‘చలానా’ అనరు, ‘ముఖాలఫా’ అంటారు. ట్రాఫిక్ ఆఫీసుని ‘మురూర్’ అంటారు. అరబ్బీ ఒక్క ముక్క రానివాడికి కూడా ఈ రెండు మాటలూ వస్తాయి. వచ్చేదాకా ఈ ఊరు ఊరుకోదు!

నేను పోలీసునీ కాను, లాయర్నీ కాను. తణుకు దగ్గర పల్లెటూరి నుంచి వచ్చి, పందొమ్మిదేళ్ళుగా ఇక్కడ ఒక కంపెనీలో లెక్కలు రాసుకుంటున్న మనిషిని. ఈ విషయం నాకెలా తెలిసిందో ముందు చెబుతాను. అది నాకేమీ గొప్ప కాదు.

మా కంపెనీకి అప్పట్లో పదిహేడు వ్యాన్లు ఉండేవి. నెలాఖరున జీతాలు వేసే ముందు, ఏ వ్యాను మీద ఎన్ని ముఖాలఫాలు పడ్డాయో జాబితా తీసేవాణ్ణి. మా దగ్గర ఒక రిజిస్టరు ఉండేది. ఫలానా బండి, ఫలానా డ్రైవరు అని ఎవరో ఎప్పుడో రాసి పెట్టింది. జరిమానా కంపెనీ కట్టేస్తుంది. రిజిస్టరులో బండికి ఎదురుగా ఎవరి పేరుంటే వాళ్ళ జీతంలోంచి నేను కోసేస్తాను. అయిదు నిమిషాల పని. ఏళ్ళ తరబడి అలాగే చేశాను.

2019లో ఒకరోజు జగిత్యాల వైపు అబ్బాయి ఒకడు నా టేబుల్ దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. జీతం 130 దీనార్లు. మూడు నెలల్లో మూడు సార్లు, సారికి 25 దీనార్ల చొప్పున కోత పడింది. “సార్, ఈ ముఖాలఫాలు నావి కావు సార్. అప్పుడు నేను ఊర్ల ఉన్న. చెల్లె పెండ్లి” అన్నాడు. నేను తల ఎత్తకుండానే, “కంప్యూటర్లో ఉందయ్యా, నేనేం చేస్తాను?” అన్నాను. వెళ్ళిపోయాడు.

నాలుగు రోజుల తర్వాత మళ్ళీ వచ్చాడు. ఈసారి ఏమీ మాట్లాడలేదు. పాస్‌పోర్టు పేజీ జిరాక్సు కాపీ టేబుల్ మీద పెట్టాడు. బహ్రెయిన్ నుంచి వెళ్ళిన ముద్ర, తిరిగి వచ్చిన ముద్ర. మధ్యలో నలభై రోజులు. నేను జాబితా పూర్తి వివరాలతో తీయించాను. తేదీ, టైము, ఏ రోడ్డు మీద, అన్నీ ఉన్నాయి అందులో. మూడూ వేగం మీరినవే. మూడూ ఆ నలభై రోజుల లోపలివే. అతను చెల్లెలికి తలంబ్రాల బియ్యం కలుపుతున్న రోజుల్లో, అతని వ్యాను ఇక్కడ ఇంకొకరి చేతిలో ఉంది. మురూర్ వాళ్ళ తప్పు ఇసుమంత కూడా లేదు. బండి నంబరు సరిగ్గానే రాశారు. ఆ నంబరుని ఆ అబ్బాయి పేరుతో ముడిపెట్టింది మేము. కోసింది నా చెయ్యి.

75 దీనార్లు! దీనారు అంటే రెండు వందల రూపాయల పైమాటే మరి. పెళ్ళి అప్పుకి వడ్డీ కడుతున్నవాడికి అదెంత డబ్బో లెక్కలు రాసేవాణ్ణి, నాకు తెలియదా?

సరే, ఇక విషయానికి వస్తాను. ముందుగా అందరూ గుర్తుపెట్టుకోవలసింది ఒకటుంది. ఇక్కడ మీ మీద రెండు చిట్టాలు నడుస్తాయి. ఒకటి మీ పేరు మీద, రెండోది బండి మీద. పోలీసు ఆపి లైసెన్సు చూసి రాసుకుంటే అది మనిషి మీద పడుతుంది. కెమెరాకి మనిషి ఎవరో తెలియదు, నంబరు పలకే తెలుసు. కాబట్టి అది బండి మీద, అంటే బండి ఎవరి పేరున ఉందో వారి మీద పడుతుంది. నడిపింది ఎవరన్నది తర్వాతి మాట.

ఈ చిట్టాలు చూసుకోవడం కష్టమేమీ కాదు. మీ సీపీఆర్ కార్డు మీద తొమ్మిది అంకెల నంబరు ఉంటుంది కదా, అదీ, బండి నంబరూ దగ్గర పెట్టుకోండి. బహ్రెయిన్ ప్రభుత్వ ఈ-గవర్నమెంట్ పోర్టల్ 2007 నుంచి ఉంది. అందులో ట్రాఫిక్ సేవల్లోకి వెళితే మీ ముఖాలఫాలు కనిపిస్తాయి, అక్కడే కట్టెయ్యవచ్చు కూడా. ఫోన్లో వాడుకునే యాప్‌లు ఉన్నాయి. కంప్యూటర్ తెలియనివారు పక్కింటి పిల్లల్ని అడగండి, రెండు నిమిషాల్లో చూసి పెడతారు. కట్టాక రసీదు దాచుకోవడం మాత్రం మరవకండి. జిరాక్సు తీసి పెట్టుకోండి, ఇంకా మంచిది.

ఒక హెచ్చరిక. “మీకు జరిమానా ఉంది, వెంటనే ఈ లింకు నొక్కి కట్టండి” అని మెసేజీలు వస్తుంటాయి. వాటిలో దొంగవి చాలా ఉంటాయి. లింకు నొక్కకండి. మీ అంతట మీరు ప్రభుత్వ పోర్టల్‌లోకి వెళ్ళి చూడండి. అక్కడ లేకపోతే లేనట్టే.

ఇప్పుడు చట్టం గురించి రెండు ముక్కలు. చాలా ఏళ్ళు ఇక్కడ 1979 నాటి ట్రాఫిక్ చట్టమే నడిచింది. దాని స్థానంలో 2014లో 23వ నంబరు చట్టం తెచ్చారు. 2015 ఫిబ్రవరి నుంచి అమల్లోకి వచ్చింది. అప్పట్నుంచి జరిమానాలు బాగా పెరిగాయి. ఎర్ర లైటు దాటడం లాంటివాటికి జైలు శిక్ష కూడా రాశారు. ఏడు రోజుల లోపల కడితే సగం తగ్గించే వెసులుబాటు కూడా ఆ చట్టంతోనే వచ్చింది. మళ్ళీ 2025లో సవరణ చేసి శిక్షలు ఇంకా కఠినం చేశారు. అందుకని నేను ఇక్కడ అంకెలు చదవను. ఫలానా తప్పుకి ఇంతే అని పాత స్నేహితులు చెప్పేది కూడా నమ్ముకోకండి. పోర్టల్‌లో మీ పేరు పక్కన ఏ అంకె కనిపిస్తే అదే అంకె.

మన హైదరాబాదులో 2022 మార్చిలో పెండింగ్ చలానాల మీద రాయితీ ఇచ్చారు, గుర్తుందా? ద్విచక్ర వాహనాలవాళ్ళు పావు వంతు కడితే సరిపోయింది. 2023 డిసెంబరులో మళ్ళీ ఇచ్చారు. అది అలవాటై, ఇక్కడ కూడా ఎప్పుడో రాయితీ వస్తుందిలే అని కూర్చునేవాళ్ళని చూశాను. కూర్చుంటే ఏమవుతుంది? ఏడాదికోసారి బండి రిజిస్ట్రేషన్ పొడిగించుకోవాలి కదా, ముఖాలఫాలు తీరిస్తే గానీ పొడిగించరు. బండి అమ్మినా ఇంకొకరి పేరుకి మారదు. వ్యవహారం కోర్టుదాకా పోతే ఇంకా చిక్కు. ఊళ్ళో అమ్మకి బాగా లేదని ఫోను వచ్చి, ఆ రాత్రికే విమానం ఎక్కాలనుకున్నవాడికి పాత కేసొకటి అడ్డం పడితే ఎలా ఉంటుందో ఆలోచించండి.

బండి అమ్మడం గురించి కూడా చెప్పాలి. మనవాళ్ళకి మొహమాటం ఎక్కువ. “అన్నా, డబ్బులు తీసుకో, పేరు తర్వాత మార్చుకుందాం” అంటే సరేనంటారు. తర్వాత అనేది రాదు. తాళాలు ఇచ్చే రోజే మురూర్‌లో పేరు మార్పించండి. స్నేహితుడి కోసం మీ పేరున బండి కొనడం కూడా అంతే. వాడు మంచివాడే కావచ్చు, వాడి కాలు యాక్సిలరేటర్ మీద ఎంత మంచిదో మీకు తెలియదు.

కంపెనీ బళ్ళు నడిపే తమ్ముళ్ళకి ప్రత్యేకంగా చెబుతున్నాను. జీతంలో కోత పడితే “ఎంత?” అని అడిగి ఊరుకోకండి. “ఏ తేదీ, ఏ టైము, ఏ రోడ్డు?” అని అడగండి. ఆ కాగితం ఇమ్మనండి. ఒక చిన్న నోటుబుక్కు కొనుక్కోండి. ఏ రోజు ఏ బండి తీసుకున్నారో, ఎన్నింటికి తాళాలు తిరిగి ఇచ్చారో రాసుకోండి. సెలవు మీద ఊరికి వెళ్ళేటప్పుడు తాళాలు ఇచ్చినట్టు ఎవరి చేతైనా సంతకం పెట్టించుకోండి. జీతంలోంచి ఇష్టం వచ్చినట్టు కొయ్యడానికి 2012 నాటి కార్మిక చట్టం ఒప్పుకోదు, దానికి హద్దులున్నాయి. కంపెనీలో వినకపోతే కార్మిక శాఖ ఉంది. భారత రాయబార కార్యాలయం వారు ఓపెన్ హౌస్ పెడతారు, అక్కడికి వెళ్ళి చెప్పుకోవచ్చు. భాష రాదని వెనకాడకండి. కాగితం చేతిలో ఉంటే సగం భాష వచ్చినట్టే.

ఇక బహ్రెయిన్ వదిలి వెళ్ళే కుటుంబాలకి. మనవాళ్ళు చాలామంది ఇక్కడినుంచి కెనడా, ఆస్ట్రేలియా వెళుతున్నారు. వెళ్ళేముందు పోలీసు శాఖ నుంచి మంచి నడవడిక సర్టిఫికెట్ తీసుకోవడం అందరికీ తెలుసు. మీ లైసెన్సు మొదట ఏ తేదీన ఇచ్చారో చెప్పే అధికారిక కాగితం కూడా అడిగి తీసుకోండి. ఇన్సూరెన్స్ కంపెనీ నుంచి, ఇన్నేళ్ళలో క్లెయిములు లేవని ఉత్తరం తీసుకోండి. కెనడాలో ఒంటారియో రాష్ట్రాన్నే తీసుకుంటే, అక్కడ లైసెన్సు మెట్లు మెట్లుగా ఇస్తారు. పాత అనుభవం రుజువు చేస్తే కొన్ని మెట్లు తొందరగా ఎక్కవచ్చు. గుంటూరు వాళ్ళొకాయన ఇక్కడ పన్నెండేళ్ళు కారు నడిపారు. ఆ కాగితం లేకుండా వెళ్ళి, నలభై అయిదేళ్ళ వయసులో కాలేజీ పిల్లల పక్కన కొత్త డ్రైవరుగా నిలబడ్డారు. ఫోనులో నవ్వుతూనే చెప్పారు గానీ, ఇన్సూరెన్స్ బిల్లు సంగతి వచ్చేసరికి నవ్వు ఆగిపోయింది.

ఆ జగిత్యాల అబ్బాయి సంగతి పూర్తి చేసి ముగిస్తాను. మా మేనేజరు “అయిపోయిన నెలలు వదిలెయ్యి, ఇకముందు చూసుకుందాం” అన్నారు. నేను ఉత్తరం రాసి, పాస్‌పోర్టు కాపీ జతచేసి పెట్టాను. తర్వాతి నెల జీతంలో 75 దీనార్లు తిరిగి వేశాం. అతను వచ్చి “థాంక్స్ సార్” అన్నాడు. ఆ మాట తీసుకోవడానికి నాకు మొహం చెల్లలేదు.

తర్వాత ఒక వారం సాయంత్రాలు కూర్చుని వెనకటి రెండేళ్ళ జాబితాలన్నీ సెలవు కాగితాలతో పోల్చి చూశాను. ఇంకో నలుగురి విషయంలో ఇదే తప్పు జరిగింది. ఇద్దరు కంపెనీలోనే ఉన్నారు, వాళ్ళకి ఇచ్చేశాం. మూడో ఆయన ఊరికి వెళ్ళిపోతే ఫోను నంబరు దొరికింది, బ్యాంకులో వేశాం. నాలుగో ఆయన దొరకలేదు. పాత నంబరు పనిచెయ్యదు. ఆయనతో గదిలో ఉన్నవాళ్ళు ఎవరూ ఇప్పుడు ఇక్కడ లేరు. ఆయనకి రావలసింది 50 దీనార్లు. వోచరు ఇప్పటికీ నా ఫైల్లోనే ఉంది.

ఇప్పుడు మా దగ్గర రిజిస్టరు లేదు. తాళాలు తీసుకునేటప్పుడు సంతకం, ఇచ్చేటప్పుడు సంతకం. ముఖాలఫా వస్తే ముందు ఆ రోజు పేజీ తీస్తాను, తర్వాతే జీతం పేజీ. అయిదు నిమిషాల పనికి గంట పడుతోంది. పట్టనివ్వండి.

మీలో ఎవరైనా నాలాగ ఇంకొకరి జీతాల లెక్క రాసేవారుంటే, ఈ నెల కోత వేసే ముందు ఒక్కసారి తేదీ చూడండి. అంతే నేను కోరేది.