బొమ్మలు వేసినవాళ్ల కథ బొమ్మల్లోనే చెప్పాలి

(ఆగిరిపల్లిలో ఒక డ్రాయింగు మాస్టారి సంస్మరణ సభలో చేసిన ప్రసంగం)



శోభనాచలం కింద, మామిడితోటల మధ్య ఉన్న ఈ ఊరు ఒక డ్రాయింగు మాస్టారిని తలుచుకోవడానికి ఇలా కూడిందంటే నాకెంతో సంతోషంగా ఉంది. ఆయన పేరిట మాట్లాడమన్నారు. పిల్లల కోసం బొమ్మలు వేసినవాళ్ల చరిత్రే ఇందుకు తగినదనిపించింది.

మద్రాసు రేడియోలో పిల్లల కార్యక్రమం నడిపిన న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులను ఊరూవాడా రేడియో అన్నయ్య, అక్కయ్య అని పిలుచుకునేది. 1945లో వాళ్లు ‘బాల’ పత్రిక పెట్టారు. పిల్లల కోసం పెద్దలు రాసినవే కాక, పిల్లలు స్వయంగా రాసినవీ వేసినవీ అందులో అచ్చయ్యాయి. మద్రాసులో చదువుకుంటున్న ముళ్లపూడి వెంకటరమణ కథ, సత్తిరాజు లక్ష్మీనారాయణ బొమ్మ అలా వెలుగు చూసినవే. ఆ లక్ష్మీనారాయణే మన బాపు. పదేళ్లు దాటాక ఆ ఇద్దరూ కలిసి మనకు ‘బుడుగు’ను ఇచ్చారు.

1947 జూలైలో నాగిరెడ్డి, చక్రపాణి ‘చందమామ’ అనే పిల్లల పత్రిక తెచ్చారు. 1952లో తెనాలివారైన కొడవటిగంటి కుటుంబరావు సంపాదకత్వం చేపట్టారు. చిత్రకారుడు శంకర్ అందులో చేరిందీ ఆ ఏడే. ఒక చేత కత్తి, భుజాన శవం, శ్మశానంలో నడిచిపోతున్న విక్రమార్కుడు: బేతాళ కథలకు శంకర్ వేసిన ఆ బొమ్మ చూశాకే మనం కథలోకి వెళ్లేవాళ్లం. చిత్ర, ఎం.టి.వి. ఆచార్య, వడ్డాది పాపయ్య గీతలతో తరాలు పెరిగాయి. అయినా వీళ్ల జీవితాలు మన పిల్లలకు తెలియవు. తెలిసినా, పుట్టిన తేదీ, బిరుదులు, మరణం అనే మూడు ముక్కలే.

మరి ఆ జీవితాలను పిల్లలకు ఎలా చెప్పాలి? ఒక ఉదాహరణ చూడండి. ఇంగ్లండులో 1893 సెప్టెంబరు 4న బియాట్రిక్స్ పాటర్ జబ్బుపడిన ఓ పసివాడికి ఉత్తరం రాస్తూ ఒక కుందేలు కథ చెప్పి, బొమ్మలూ వేసింది. ఆ కథను ప్రచురణకర్తలు కాదంటే 1901లో సొంత డబ్బుతో 250 ప్రతులు వేయించుకుంది. ఆమె జీవితకథను బొమ్మల పుస్తకంగా చెప్పాలంటే ఆ ఉత్తరం దగ్గర మొదలుపెడితే చాలు. చదివే బిడ్డ తన పలకకేసి చూసుకుంటాడు.

బాపు కథ కూడా 2013లో వచ్చిన పద్మశ్రీతో కాదు, ‘బాల’లో అచ్చయిన ఆ బొమ్మతో మొదలవ్వాలి. శంకర్ కథకు బేతాళుడి పుట ఒక్కటి చాలు: ముందు పెన్సిలు గీత, తర్వాత నల్లసిరా, ఆఖరున అచ్చు. అయితే ఆ చిత్రకారులు అన్నట్టు తెలియని మాటలు వాళ్ల నోట పెట్టకూడదు. ఆనాటి మద్రాసు వీధి వేస్తే అందులో నేటి బస్సు తిరగకూడదు. మాట అబద్ధమైతే పెద్దవాడు పసిగడతాడు, బొమ్మ అబద్ధమైతే పసివాడు నమ్మేస్తాడు. అందుకే చిత్రకారుడి బాధ్యత రచయిత బాధ్యత కంటే ఎక్కువ.

బొమ్మల పుస్తకానికి సాధారణంగా 32 పేజీలు. ఆగిరిపల్లి, నూజివీడు బడుల ఉపాధ్యాయులకు నా మనవి: ఈ వేసవిలో పిల్లల చేత ఒక్క చిత్రకారుడి జీవితమైనా అలాంటి పుస్తకంగా వేయించండి. పెద్దల దగ్గర పాత చందమామలు అడిగి తెమ్మనండి, చూడనివ్వండి, గీయనివ్వండి. గీసినవాటిని అచ్చువేసే పూచీ మనం తీసుకుందాం. రేడియో అన్నయ్య, అక్కయ్య చేసింది ఆ పనే. డ్రాయింగు మాస్టారికి ఇంతకు మించిన నివాళి లేదు.