నోరు తెరిపించి చూడండి

డాక్టరు పట్టాలందుకుంటున్న మీకు నేను చెప్పాలనుకున్నది ఒక్క రోగి సంగతి.

ఆయన తెలంగాణ నుంచి మన సూరత్ వచ్చి, లింబాయత్‌లో మరమగ్గం నడిపిన పెద్దాయన. షుగరు, బీపీ, సోరియాసిస్ ఉన్నాయి, కిడ్నీలూ అప్పటికే దెబ్బతిన్నాయి. పాత మచ్చలు పుండ్లయ్యాయనీ, ముద్ద మింగలేకపోతున్నాడనీ తీసుకొచ్చారు. అంతకుముందు చూసినవాళ్లు సోరియాసిస్ ముదిరింది, మందు పెంచుదామన్నారట. నోటి బాధకు వేడి చేసిందని బీకాంప్లెక్స్ రాశారట. టార్చి వేసి చూస్తే నాలుక అంచున, బుగ్గల లోపల అంతా పచ్చిపుండు. మచ్చలూ నోరూ ఒకేసారి పుండయితే ముందు మందుల్నే అనుమానించాలి. మందుల సంచీ బోర్లించమన్నాను. వారానికి ఒకసారి వేసుకోవలసిన సోరియాసిస్ మందు మెథోట్రెక్సేట్‌ని షుగరు మాత్రతో పాటు రోజూ మింగుతున్నాడు! కిడ్నీలు దాన్ని బయటికి పంపలేకపోయాయి. మోకాళ్లకని కొనుక్కున్న నొప్పి మాత్రలు ఇంకా చెరుపు చేశాయి. తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు పడిపోయాయి. మందు ఆపి, ఫోలినిక్ యాసిడ్ ఇచ్చి, ఇన్ఫెక్షన్ సోకకుండా కాచుకుంటే దక్కాడు. ఆ మోతాదే పెంచి ఉంటే?

నా బెంగంతా ఇదే. స్కాన్ రాయడానికి చకచకా కదిలే చెయ్యి టార్చి తీయడానికి కదలదేం నాయనా? నోటిని బిగదీసే వక్క, పొగాకుల మావా నమిలే ఈ ఊళ్లో మీరు పని చేయబోతున్నారు. రోగి నోట్లో మూడు వేళ్లు నిలువుగా పడతాయో లేదో చూడటానికి ఎంతసేపు పడుతుంది? 2021 మేలో, కోవిడ్ భయానికి మాస్కు తీయమనడానికే జంకిన రోజుల్లో, బ్లాక్ ఫంగస్ ఈ ఊరిని కుదిపేసింది. ఆ నెల 20న కేంద్రం దాన్ని నమోదు చేసి తీరవలసిన జబ్బుగా ప్రకటించమని రాష్ట్రాలను కోరింది. షుగరు ఉండి, కోవిడ్‌కు స్టెరాయిడ్లు వాడినవాళ్లే ఎక్కువగా దాని వాత పడ్డారు. కొందరిలో కన్ను వాయకముందే పన్ను కదిలింది, అంగిలి మీద నల్లమచ్చ తేలింది. నోరు తెరిపించిన డాక్టరు దొరికినవాళ్లకు ఆంఫోటెరిసిన్ మందూ, ఆపరేషనూ వేళకు అందే వీలు చిక్కింది.

జబ్బుకో డాక్టరున్న రోగికి మొత్తం మనిషిని చూసే డాక్టరు ఉండడు. అది మీరు కండి. చర్మం, నోరు, మందుల సంచీ, మూడూ చూశాకే కలం పట్టండి. మెథోట్రెక్సేట్ రాస్తే ‘వారానికోసారి’ అని ఊరుకోకండి, ‘సోమవారం’ అని వారం పేరు రాయండి. గుజరాతీలోనో తెలుగులోనో రోగి చేత తిరిగి చెప్పించుకోండి. చదువు రాని మనిషైతే ఇంట్లో చదువుకున్న పిల్లను పిలిపించి, ఆ పిల్లకు చెప్పి పంపండి.